మోచేతి నరము - చిటికెన వ్రేలి తిమ్మిరి

మనిషికి చేతులే జీవనాధారములు. మరమగ్గము నడపువానికైనను, బీడీలు చుట్టు తల్లికైనను, మిషను మీద యూనిఫారములు కుట్టువానికైనను, ఆటో నడపువానికైనను కూడు పెట్టునది చేయియే. అయినను కంటికి మసక కమ్మినచో మనము వెంటనే కలవరపడుదుము. పంటినొప్పి కలిగినచో ఆ రాత్రియే మందు వెదకుదుము. చేతి వ్రేళ్ళు తిమ్మిరి యెక్కినచో మాత్రము ఒకసారి చేయి విదిలించుకొని మరల పనిలో పడుదుము. ఈ విదిలించుకొనుట కొందరి విషయమున నెలల తరబడి, సంవత్సరముల తరబడి సాగుచున్నది. చేతిలోని కండ కరగిపోయిన తరువాతగాని వారు వైద్యుని యొద్దకు పోరు. అప్పటికి నొప్పి తగ్గించుట సాధ్యమైనను, పోయిన పట్టును తిరిగి తెచ్చుట కష్టము.

మా పాఠశాల విద్యార్థుల తల్లిదండ్రులలో పెక్కుమంది పూర్వులు తెలంగాణము నుండి ఈ షోలాపురమునకు వలస వచ్చి, నేతపనితో స్థిరపడినవారు. నేటికిని చాల కుటుంబములకు చేతిపనియే ఆధారము. పిల్లల ప్రగతిపత్రము మీద సంతకము చేయునపుడు కలము జారుచున్నదనియు, చిటికెన వ్రేలు తనది కానట్లున్నదనియు చెప్పిన తండ్రులను మేము చూచితిమి. వారిలో కొందరు దానిని వాతమందురు. కొందరు రక్తము చాలకపోవుటయందురు. మరికొందరు 'నరముల బలహీనత' యని తలచి బజారులో దొరకు బలపు మాత్రలు కొని మ్రింగుచుందురు. మేము వైద్యులము కాము. అయినను పుస్తకములలో చదివి, తెలిసిన వైద్యులను అడిగి గ్రహించిన సంగతులను తల్లిదండ్రుల ముందుంచుట మా విధి యని భావించితిమి. సారాంశము మొదటనే చెప్పుదుము. చిటికెన వ్రేలు పదేపదే తిమ్మిరి యెక్కుచున్నచో దోషము మోచేతి వద్ద ఉండవచ్చును. తొలిదశలో దాని చికిత్సకు దాదాపు ఖర్చే లేదు. ఆలస్యము చేసినచో మాత్రము చెల్లించవలసిన మూల్యము పెద్దది.

నరమనగా నేమి?

నరమను మాటను మనము వ్యవహారమున మూడింటికి వాడుచున్నాము. చర్మము క్రింద నీలముగా కనబడు రక్తనాళమును నరమందుము. మణికట్టు వద్ద త్రాటివలె బిగిసి కనబడు కండర బంధమును నరమే యందుము. మెదడునకును అవయవములకును నడుమ వార్తలు మోయు తంతువునుగూడ నరమే యందుము. పూర్వపు పాఠ్యపుస్తకములలో ఈ మూడవదానిని జ్ఞానతంతువనిరి. నేటి పుస్తకములలో నాడి యనుచున్నారు. ఈ వ్యాసములో నరమని మేము వ్రాయునది దీనిని గురించియే. ఈ భేదము తెలియనందువలననే 'నరము తప్పినది, తోమి సరిచేయుదును' అనువారి మాటలు నమ్మి పలువురు చేయి తోమించుకొనుచున్నారు. జ్ఞానతంతువు తోముటవలన సరిపడునది కాదు; గట్టిగా తోమినచో ఇంకను నలుగును.

చేతికి ముఖ్యమైన నరములు మూడు. వానిలో ఒకటి మెడ యెముకల నడుమ నుండి బయలుదేరి, చంక గుండా దిగి, జబ్బ లోపలివైపుగా వచ్చి, మోచేతి వెనుక వంపు తిరిగి, ముంజేతి గుండా అరచేతికి చేరును. వైద్యులు దీనిని అల్నార్ నరమందురు. దారి పొడవున ఇది కండరముల నడుమ భద్రముగా నుండును. మోచేతి లోపలివైపున పొడుచుకొని వచ్చిన ఎముక బుడిపె వెనుక మాత్రము దీనికి చర్మము తప్ప వేరు రక్షణ లేదు. ఆ చోటు తలుపు అంచునకు తగిలినపుడు చేయి చిటికెన వ్రేలి వరకు జివ్వుమని కరెంటు కొట్టినట్లగుట అందరికిని అనుభవమే. అట్లు జివ్వుమన్నది ఎముక కాదు, ఈ నరమే.

ఈ నరమునకు రెండు పనులు కలవు. మొదటిది స్పర్శ. చిటికెన వ్రేలికిని, దాని ప్రక్కనున్న ఉంగరపు వ్రేలిలో సగమునకును, అరచేతిలో ఆ వైపు భాగమునకును స్పర్శజ్ఞానము దీనివలననే కలుగును. రెండవది కదలిక. వ్రేళ్ళను ఎడముగా చాచుట, దగ్గరకు చేర్చుట, బొటన వ్రేలిని చూపుడు వ్రేలికి గట్టిగా అదుముట మొదలగు సూక్ష్మమైన పనులు చేయు చిన్న కండరములలో అధికభాగము దీని ఆజ్ఞకు లోబడినవే. తాళపుచెవి త్రిప్పుట, తెగిన పోగు ముడివేయుట, సూదిలో దారమెక్కించుట, తూనికాకు చుట్టి బీడీ కొన మడచుట, కలము పట్టి వ్రాయుట - ఇవి యన్నియు ఆ కండరముల పుణ్యమే. కావున ఈ నరము చెడుట చేతిపని చేయువాని బ్రదుకుదెరువు చెడుటయే.

నొక్కుకొనుట ఎట్లు?

మోచేతి వద్ద ఈ నరము ఒక ఇరుకైన సొరంగము గుండా పోవును. అడుగున ఎముక, పైన గట్టి పొర. 1958లో కెనడా వైద్యులైన ఫైండెల్, స్ట్రాట్‌ఫర్డ్ అనువారు దీనికి క్యూబిటల్ టనెల్ అను పేరు పెట్టిరి. నేటికిని ఆ పేరే వాడుకలో నున్నది. చేయి చాచియున్నంతసేపు ఈ సొరంగములో నరమునకు చోటు చాలును. మోచేయి బాగుగా మడచినప్పుడు పై పొర బిగిసి, లోపలి చోటు సుమారు సగమునకు తగ్గును. అదే సమయమున నరము ఎముక బుడిపె చుట్టును తిరిగి సాగవలసి వచ్చును. నరములోపల దానిని పోషించు సన్నని రక్తనాళములు కలవు. నరము సాగి, నొక్కుకొన్నచో వానిలో రక్తప్రసారము తగ్గును. బాసిపట్లు వేసికొని చాలసేపు కూర్చున్న తరువాత కాలు తిమ్మిరి యెక్కునది ఇట్టి కారణముననే. లేచి నాలుగడుగులు వేసినచో అది తగ్గును. మోచేతి నరము ప్రతిదినము గంటల తరబడి, ఏండ్ల తరబడి నొక్కుకొన్నచో అంత సులభముగా కోలుకొనలేదు.

ఇంతకును చేయి అంతసేపు మడచియుంచునది ఎప్పుడు? మొదటిది నిద్రలో. చేయి తల క్రింద పెట్టుకొనియో, పిడికిలి గడ్డము క్రింద చేర్చుకొనియో నిద్రించువారు రాత్రి ఆరేడు గంటలు మోచేయి మడచియే యుంతురు. అందువలననే ఈ తిమ్మిరి తెల్లవారుజామున ఎక్కువగా తెలియును. రెండవది పనిలో. చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలు రెండు మోచేతులు మడచియే దినమంతయు కూర్చుందురు. కుట్టుమిషను బల్ల అంచున మోచేయి ఆన్చువారు, దుకాణపు గల్లాపెట్టె మీద మోచేతులూని నిలబడువారు, బండి నడపుచు మోచేతిని కిటికీ అంచున పెట్టువారు నరమును నేరుగా నొక్కుచున్నారు. మూడవది సెల్‌ఫోను. చెవికి ఆన్చుకొని గంటసేపు మాటలాడుటయు, పడుకొని ముఖమునకెదురుగా పట్టి చూచుటయు మోచేతిని పూర్తిగా మడచునవే.

వీనికితోడు, పూర్వము విరిగి వంకరగా అతికిన ఎముక, కీళ్ళవాపు, సొరంగములో పెరిగిన చిన్న గడ్డ కూడ కారణములు కావచ్చును. మధుమేహము గలవారి నరములు మొదటనే బలహీనములగుటచే వారికి ఈ బాధ త్వరగా కలుగును. చేతిలో నరములు నొక్కుకొను వ్యాధులలో మణికట్టు వద్ద కలుగునది మొదటి స్థానమునను, మోచేతి వద్ద కలుగునది రెండవ స్థానమునను ఉన్నవి. కావున ఇది అరుదైన రోగము కాదు.

గుర్తించు విధము

ఈ వ్యాధి మెట్లు మెట్లుగా వచ్చును. మొదట చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు రాత్రివేళ తిమ్మిరి యెక్కి, చేయి చాచి విదిలించినచో తగ్గును. మోచేతి లోపలివైపున నొప్పి పుట్టి ముంజేతి అంచు వెంబడి దిగవచ్చును. తరువాత తిమ్మిరి పగలుకూడ వచ్చును. పిమ్మట స్పర్శ తగ్గి, వేడి గిన్నె తగిలినను తెలియని స్థితి కలుగును. అటుపై పట్టు సడలును. చేతిలోని వస్తువు జారును, చొక్కా గుండీ పెట్టుట కష్టమగును. చివరి మెట్టున బొటన వ్రేలికిని చూపుడు వ్రేలికిని నడుమ, చేతి వెనుకవైపున నుండవలసిన కండ కరగి గుంటపడును. చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు కొంకిపోవును. తొలి రెండు మెట్లలో మేల్కొన్నవాడు అదృష్టవంతుడు.

ఏ వ్రేళ్ళు తిమ్మిరి యెక్కుచున్నవో గమనించుట మిక్కిలి ముఖ్యము. బొటన వ్రేలు, చూపుడు వ్రేలు, నడిమి వ్రేలు అయినచో సామాన్యముగా దోషము మణికట్టు వద్ద నుండును. చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలిలో సగము అయినచో మోచేతి నరమును అనుమానింపవలెను. మెడ త్రిప్పినపుడు బాధ చేతిలోనికి ప్రాకినచో మెడ యెముకలను పరీక్షింపవలసియుండును. రెండు చేతులు, రెండు పాదములు సమానముగా తిమ్మిరి యెక్కినచో రక్తములో చక్కెర ఎంతయున్నదో మొదట చూపించుకొనవలెను. బి12 విటమిను లోపమువలనను అట్లు కలుగవచ్చును.

ఇంటిలోనే చేసికొనదగిన పరీక్ష ఒకటి కలదు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఫ్రోమాన్ 1915లో దీనిని వివరించెను. ఒక కాగితమును రెండు చేతుల బొటన వ్రేళ్ళకును, చూపుడు వ్రేళ్ళ ప్రక్కలకును నడుమ పట్టుకొని, రెండు వైపులకు లాగవలెను. బొటన వ్రేలు చాచియుండగనే కాగితమును పట్టగలిగినచో ఆ చేతి బలము సరిగా నున్నది. కాగితము జారకుండుటకై ఒక చేతి బొటన వ్రేలి కొనకణుపు కొంకివలె వంగినచో, ఆ చేతిలో ఈ నరపు కండరము బలహీనమైనదని సూచన. అట్లు కనబడినచో ఇంటి వైద్యముతో కాలము గడపక ఆస్పత్రికి పోవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎడమచేతి లోపలివైపున నొప్పి హఠాత్తుగా పుట్టి, దానితోపాటు గుండెలపై బరువు, చెమట, ఆయాసము కలిగినచో అది మోచేతి నరపు బాధ యని ఊరకుండరాదు. గుండెపోటు కావచ్చును. ఒక్క నిమిషమైనను జాగుచేయక 108కి ఫోను చేసి ఆస్పత్రికి చేర్చవలెను.

కుష్ఠును మరువరాదు

ఇతర దేశముల పుస్తకములలో అంతగా కనబడనిదియు, మన దేశమున తప్పక తలంపవలసినదియు నగు కారణము కుష్ఠువ్యాధి. ఈ వ్యాధిక్రిములకు చల్లని చోటులన్న ప్రీతి. మోచేతి వద్ద నరము చర్మమునకు మిక్కిలి దగ్గరగా నుండుటచే ఆ చోటు చల్లగా నుండును. అందుచే కుష్ఠువ్యాధి తరచుగా పట్టు నరములలో ఇది ముఖ్యమైనది. నరము లావెక్కి, తాకినచో నొప్పి కలిగి, చిటికెన వ్రేలు మొద్దుబారి, క్రమముగా వ్రేళ్ళు కొంకిపోవును. చర్మముపై పాలిపోయినట్టియో, ఎరుపెక్కినట్టియో మచ్చ యుండి, ఆ మచ్చలో స్పర్శ లేకున్నచో అనుమానము బలపడును.

మన దేశములో ఈ వ్యాధి 10,000 జనాభాకు ఒకరికంటె తక్కువ స్థాయికి 2005లో తగ్గినది. అయినను పూర్తిగా తొలగిపోలేదు. క్రొత్త రోగులు నేటికిని బయటపడుచున్నారు. ఇందు దాచుకొనవలసినదేమియు లేదు. కొన్ని మందుల కలయికతో చేయు చికిత్స ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా లభించును. వ్యాధి రకమునుబట్టి 6 నెలలు లేక 12 నెలలు మందు తీసికొన్నచో వ్యాధి నయమగును. మందు ప్రారంభించిన కొద్దికాలములోనే ఇతరులకు అంటుకొను గుణము పోవును. నరము వాచినపుడు 6 నెలలలోపుగా వైద్యుడు వాపు తగ్గించు మాత్రలు మొదలుపెట్టినచో స్పర్శయు, బలమును తిరిగి వచ్చు అవకాశము ఎక్కువ. కొంకిపోయిన చేతులను శస్త్రచికిత్సతో మరల పనికి తెచ్చు విద్యలో మన వెల్లూరు వైద్యకళాశాల లోకమునకే దారి చూపినది. డాక్టరు పాల్ బ్రాండ్ అచ్చట 1940ల చివర ఆ పని ప్రారంభించెను. విడాకులకు కుష్ఠును కారణముగా చూపు నిబంధనను 2019లో పార్లమెంటు చట్టముల నుండి తొలగించినది. చట్టము మారినది, మన ఇండ్లలోని భయమును మారవలెను. భయపడి దాచిన చేయియే చెడును.

వైద్యునితో చెప్పు విధము

మన వారికి ఆస్పత్రిలో కలుగు ఇబ్బంది యొకటి కలదు. తెలుగులో తిమ్మిరి యను ఒక్క మాట రెండు స్థితులకును చెల్లుచున్నది. చీమలు ప్రాకినట్లుండుట ఒకటి, మొద్దుబారి స్పర్శ తెలియకుండుట ఇంకొకటి. వైద్యునికి ఈ రెండును వేరువేరు. మొదటిది తొలిదశకును, రెండవది ముదిరిన దశకును చిహ్నము. మరాఠీలో చీమలు ప్రాకినట్లుండుటను 'ముంగ్యా యేణే' అందురు. మొద్దుబారుటను 'బధిర్ హోణే' అందురు. మోచేతిని 'కోపర్' అనియు, చిటికెన వ్రేలిని 'కరంగళీ' అనియు అందురు. ఈ నాలుగు మాటలు నోటికి వచ్చినచో సగము పరీక్ష ముగిసినట్లే. 'హాత్ దుఖతో' అని మాత్రము చెప్పి వచ్చినచో నొప్పిమాత్రలతోనే తిరిగి రావలసి యుండును. ఇంట మరాఠీ బాగుగా తెలిసినవారు తరచుగా మన పిల్లలే. వారిని వెంటబెట్టుకొని పోవుటలో నామోషీ లేదు. ఏ వ్రేళ్ళు, ఎంతకాలముగా, రాత్రియా పగలా, చేతి నుండి వస్తువులు జారుచున్నవా యను నాలుగు సంగతులను ఒక కాగితముపై వ్రాసికొని పోవుట ఇంకను మంచిది.

చికిత్స

తొలిదశలో చికిత్స యనగా నరమునకు విశ్రాంతి నిచ్చుటయే. రాత్రి పడుకొనునపుడు ఒక తువాలును మోచేతి చుట్టును వదులుగా చుట్టి, జారకుండ గుడ్డతో కట్టుకొనవలెను. షోలాపురపు తువాళ్ళకు మన ఇండ్లలో కొదువ లేదు గదా! అట్లు కట్టినచో నిద్రలో చేయి పూర్తిగా మడవబడదు. చేయి బిర్రబిగిసి కట్టెవలె నుండనక్కరలేదు. కొంచెము వంపు ఉండవచ్చును. కట్టు బిగువైనచో అదియే నరమును నొక్కును గాన రెండు వ్రేళ్ళు దూరునంత వదులుండవలెను. ఆస్పత్రులలో ఇందులకై తయారుచేసిన పట్టీలును లభించును. ఈ కట్టును కొన్ని వారములు, అవసరమైనచో రెండు మూడు నెలలు విడువక కట్టుకొనవలెను. నాలుగు రాత్రులు కట్టి ఫలము లేదని విడుచుట తగదు.

పగటివేళ మోచేతిని గట్టి అంచులపై ఆన్చరాదు. తప్పనిచో మెత్తని గుడ్డ మడచి క్రింద వేసికొనవలెను. బీడీలు చుట్టువారు, కుట్టుపనివారు అరగంటకొకసారి చేతులు చాచి, నిమిషమాత్రము వదులుగా ఉంచవలెను. కుర్చీ ఎత్తు కొంచెము పెంచుకొన్నను, బల్ల దూరము సరిచేసికొన్నను మోచేతి మడత తగ్గును. ఫోనులో మాటలాడువారు చేయి మార్చుకొనుచుండవలెను. లేదా తీగ చెవిలో పెట్టుకొని మాటలాడవలెను. కూలి గంటలు తగ్గునని ఈ విరామములను కొందరు ఇష్టపడరు. దినమునకు పది నిమిషములు పోయినను, చేయి నిలిచినచో పది సంవత్సరములు సంపాదించుకొనవచ్చును.

మందుల విషయము. నొప్పిమాత్రలు బాధను కొంత తగ్గించును గాని నరము మీది ఒత్తిడిని తొలగింపవు. బలపు మాత్రలు విటమిను లోపము గలవారికే ఉపకరించును. నరపు మంట ఎక్కువగా నున్నపుడు వాడు మందులు వేరుగా కలవు. వానిని వైద్యుడే నిర్ణయింపవలెను. కాపడము పెట్టువారు జాగ్రత్త! స్పర్శ తగ్గిన చర్మమునకు వేడి తెలియదు గాన బొబ్బలెక్కును. నరమును మెల్లగా కదలించు వ్యాయామములు కొన్ని కలవు. వానిని ఫిజియోథెరపీ వారివద్ద నేర్చుకొనవలెను. ఎవరో చెప్పిరని మొండిగా చేసినచో నరము ఇంకను రేగును.

స్వల్పదశలో నున్నవారిలో చాలమందికి ఈ జాగ్రత్తలతోనే గుణము కనబడును. మూడు నెలలకును తగ్గకున్నను, స్పర్శ ఎల్లప్పుడును లేకున్నను, కండ కరగుచున్నను వైద్యులు నరములో విద్యుత్తు ఎంత వేగముగా పోవుచున్నదో పరీక్షింతురు. దోషము ఎచ్చట నున్నదో, ఎంత ముదిరినదో ఆ పరీక్షవలన తెలియును. ఎక్స్‌రే, అల్ట్రాసౌండు పరీక్షలును కావలసిరావచ్చును. అవసరమైనచో శస్త్రచికిత్స చేయుదురు. దానిలో ముఖ్యమైనవి రెండు విధములు. సొరంగము పై పొరను కోసి నరమునకు చోటు కల్పించుట ఒకటి. నరమును ఎముక బుడిపె వెనుక నుండి తీసి ముందువైపునకు మార్చుట రెండవది. సామాన్యమైన సందర్భములలో మొదటిదియే రెండవదానితో సమానముగా ఫలించుచున్నదని పరిశోధనలు చెప్పుచున్నవి. నరము స్థానము తప్పి ఎముకపై జారుచున్నపుడును, ఎముక వంకరగా నున్నపుడును రెండవది అవసరము కావచ్చును. చాలమంది ఆనాడే, లేక మరునాడు ఇంటికి రాగలరు.

ఈ శస్త్రచికిత్సను వాయిదా వేయరాదనుటకు కారణమును లెక్కతో చెప్పుదుము. దెబ్బతిన్న నరపు పోగు మరల పెరుగు వేగము దినమునకు సుమారు 1 మిల్లీమీటరు. మోచేతి నుండి అరచేతి కండరములకు దూరము సుమారు 30 సెంటీమీటర్లు, అనగా 300 మిల్లీమీటర్లు. అంతదూరము నరపు పోగు చేరుటకు 300 దినములు, దాదాపు పది నెలలు పట్టును. నరపు ఆజ్ఞలేని కండరము ఒకటి రెండు సంవత్సరములకంటె ఎక్కువకాలము వేచియుండలేదు. క్రమముగా ఎండి, పనికిమాలిన పీచుగా మారును. కావున కండ కరగిన తరువాత ఒక యేడు ఆలసించి వచ్చినవానికి నరము బాగుపడినను దాని ఆజ్ఞ వినుటకు కండరము మిగులదు. ఐదవ తరగతి పిల్లవాడైనను చేయగల లెక్క ఇది.

పిల్లల మోచేయి

తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసినది ఇంకొకటి కలదు. పిల్లలు గోడలెక్కి, చెట్లెక్కి పడినపుడు మోచేతి యెముకలు విరుగుట సర్వసామాన్యము. మోచేతి వెలుపలివైపు ఎముక విరిగి సరిగా అతుకకపోయినచో, పిల్లవాడు పెరుగుకొలది ముంజేయి వెలుపలికి వంగును. అప్పుడు లోపలివైపున నున్న నరము ఏండ్ల తరబడి సాగుచు, సాగుచు చివరకు చెడును. చిన్ననాడు విరిగిన చేతికి ఇరువది, ముప్పది సంవత్సరముల పిమ్మట చిటికెన వ్రేలు మొద్దుబారుట వింతగా తోచును గాని, ఇది వైద్యులెరిగిన విషయమే. 1878లోనే పనాస్ అను వైద్యుడు దీనిని గురించి వ్రాసెను. పిల్లవాని మోచేయి వాచినచో తైలము రాచి తోముటయు, వెదురుబద్దలతో బిగించి నాటుకట్టు కట్టించుటయు ప్రమాదకరము. చేయి కదలకుండ మెత్తని గుడ్డతో మెడకు వ్రేలాడదీసి, వెంటనే ఆస్పత్రిలో ఎక్స్‌రే తీయించవలెను. పిల్లల మోచేతిలో చాలభాగము ఇంకను మెత్తని మృదులాస్థియే గాన చిన్న విరుగుడు ఎక్స్‌రేలో స్పష్టముగా కనబడకపోవచ్చును. అందుచే వైద్యుడు మరల రమ్మన్న దినమున తప్పక పోవలెను. కట్టు కట్టిన తరువాత వ్రేళ్ళు నీలము తిరిగినను, చల్లబడినను, బాధ భరింపరానిదైనను ఆ రాత్రియే తిరిగి పోవలెను, తెల్లవారనిమ్మనరాదు.

ఇంటిలో పిల్లలు చదువుకొను తీరునుగూడ చూడవలెను. బోర్లపడుకొని, రెండు మోచేతులు నేలపై ఊని గంటల తరబడి చదువుట మంచి అలవాటు కాదు. కూర్చుని, చిన్న బల్లపై పుస్తకము పెట్టుకొని చదివినచో వెన్నునకును, చేతికిని మేలు. చేతి వ్రేళ్ళు మొద్దుబారినవని పిల్లవాడు చెప్పినచో బడి ఎగవేయుటకు సాకు యని కసరక, చర్మముపై మచ్చలున్నవేమో చూచి, వైద్యునికి చూపవలెను.

మన సమాజము చేతిపనిని నమ్ముకొని పరప్రాంతమున నిలద్రొక్కుకొన్నది. మగ్గము మీద పోగు తెగినపుడు ఎవడును మరునాటికి వదలడు. తెగినచోటనే ఆపి, ముడివేసి, పిమ్మటనే నేత సాగించును. తెగిన పోగును విడిచి నేసినచో బట్టయంతయు చెడునని వానికి తెలియును. చేతిలోని నరమును అట్టి పోగే. చిటికెన వ్రేలు తిమ్మిరి యెక్కుట అది సడలుచున్నదని తెలుపు తొలి సూచన. ఈ రాత్రి తువాలు కట్టుకొనుడు. కొన్ని వారములు గమనింపుడు. తగ్గకున్నను, పట్టు సడలినను, స్పర్శలేని మచ్చ కనబడినను వెంటనే వైద్యుని యొద్దకు పోవుడు. ఈ సంగతిని ఇరుగుపొరుగువారికిని, ముఖ్యముగా చదువురాని పెద్దలకును మీ పిల్లలచే చదివించి వినిపింపుడని మా మనవి.